ఓరుగల్లు మీద మా దండయాత్ర

మా ఇంట్లో రైల్వే శాఖ నాది. టికెట్లు తీయడం, ప్లాట్‌ఫాం కనుక్కోవడం, "నడవండి నడవండి" అని వెనక నుంచి అరవడం నా బాధ్యతలు. మా ఆవిడది ఆహార శాఖ. ఏడో తరగతి చదివే మావాడిది ప్రశ్నోత్తరాల శాఖ. ఆ ఆదివారం మా అత్తయ్యగారు కూడా మాతో వచ్చారు. ఆవిడ శాఖ లేని మంత్రి. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారంటే దిగేదాకా నోరు విప్పరు.

వరంగల్ వెళ్దామన్నది నేనే. మావాడి సోషల్ పుస్తకంలో కాకతీయుల పాఠం నడుస్తోంది. కళ్ళతో చూస్తే వాడికి మార్కులు వాటంతట అవే వస్తాయని నా నమ్మకం. సికింద్రాబాద్ నుంచి 142 కిలోమీటర్లు. పొద్దున ఎక్కితే తిన్న ఇడ్లీ అరిగేలోపు దిగిపోవచ్చు. ముందురోజు రాత్రి కూర్చుని కాగితం మీద ప్లాన్ వేశాను. 10.10కి కోట, 12.35కి వేయిస్తంభాల గుడి, 1.20కి పులిహోర, సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు.

"వెళ్ళేది రైల్లోనా, రాకెట్లోనా?" అంది మా ఆవిడ.

ఆ పులిహోర దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. పోపు మాడింది. మళ్ళీ వేసింది. మేం ఉప్పల్లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ చేరేసరికి నేననుకున్న బండి వెనక లైటు మాత్రం కనిపించింది. పక్క ప్లాట్‌ఫాం మీద ఇంకో బండి సిద్ధంగా ఉంది. బోర్డు మీద కాగజ్‌నగర్ అని రాసుంది.

నేను లెక్క కట్టాను. అటు వెళ్ళే బండ్లన్నీ కాజీపేట మీదుగానే పోవాలి. కాజీపేట నుంచి వరంగల్ పట్టుమని పది కిలోమీటర్లు. రెండూ కలిసిపోయిన ఊళ్ళు. కాబట్టి ఇదీ వరంగల్ బండే.

"ఒకసారి ఎవర్నయినా అడగండి," అంది మా ఆవిడ.

"ఎందుకూ, నాకు తెలీదా?" అన్నాను. రైల్వే శాఖ పరువు సమస్య మరి.

జనరల్ పెట్టెలో, "జర జరుగు బిడ్డా" అంటూ ఒక పెద్దావిడ మా సీట్లో ఐదో మనిషిగా సర్దుకుంది. నేను పాఠం మొదలుపెట్టాను. ఓరుగల్లు అంటే ఒంటి రాయి, సంస్కృతంలో ఏకశిలానగరం. అంతలో కిటికీలోంచి భువనగిరి గుట్ట కనిపించింది. ఊరి మధ్య ఏనుగు పడుకున్నట్టు, అంతా ఒకే బండరాయి.

"ఒంటి రాయి వచ్చేసింది నాన్నా, దిగుదామా?" అన్నాడు మావాడు.

వాణ్ణి కూర్చోబెట్టి, పాఠంలో కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొదలుపెట్టిన కోటకి ఆయన కూతురు రుద్రమదేవి గోడలు ఎత్తు పెంచింది. బయట మట్టికోట, లోపల 45 బురుజుల రాతికోట, రెండింటికీ కందకాలు. "అంత తేలిగ్గా ఎవడూ లోపలికి రాలేడురా," అన్నాను. ఆ మాట ఎవరి గురించి అంటున్నానో నాకప్పుడు తెలీదు.

జనగామ దాటింది, ఘన్‌పూర్ దాటింది, కాజీపేట వచ్చింది. సగం పెట్టె ఖాళీ అయింది. పెద్దావిడ మోచేత్తో నన్ను పొడిచింది.

"దిగవా కొడుకా? ఓరుగల్లంటివి గదా."

నేను జాలిగా నవ్వాను. "కాజీపేట కాదమ్మా, మేం వరంగల్లో దిగాలి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే సమోసాల కుర్రాడు మా ఇద్దరి మధ్యకి బుట్ట దూర్చాడు. బుట్ట వెళ్ళిపోయేసరికి బండి కదిలింది. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, కొంగులోంచి పల్లీలు తీసి ఒక్కొక్కటే వలుచుకోవడం మొదలుపెట్టింది. ఆ చూపుకి అర్థం నాకు అరగంట తర్వాత తెలిసింది.

పది కిలోమీటర్లే కదా అని అందర్నీ లేపి తలుపు దగ్గర నిలబెట్టాను. అత్తయ్యగారి చేతిసంచీ కూడా నేనే పట్టుకున్నాను. బండి ఎడమకి ఒరిగింది. ఊరు రావాల్సింది పోయి పత్తిచేలు వచ్చాయి. హసన్‌పర్తి రోడ్ అని ఒక బోర్డు వెళ్ళిపోయింది.

"నగరం ఇంత పచ్చగా ఉందేంటండీ?" అంది మా ఆవిడ.

"పాత రాజధాని కదా, చెట్లుంటాయి," అన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత బండి ఆగింది. దిగిపోయాం. పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "గిది వరంగల్ గాదు కొడుకా!" అని అరిచింది. బండి వెళ్ళిపోయింది. ఎదురుగా పసుపు రంగు బోర్డు, దాని మీద నల్లటి అక్షరాలు. మావాడు చదివాడు. ఇంకోసారి చదివాడు.

"నాన్నా, మనం ఇంటికొచ్చేశాం."

బోర్డు మీద 'ఉప్పల్' అని ఉంది.

నా తల గిర్రున తిరిగింది. పొద్దున ఉప్పల్లో తాళం వేసి బయల్దేరి, మూడు గంటలు రైల్లో ఒళ్ళు హూనం చేసుకుని, ఉప్పల్లోనే దిగాను. వేపచెట్టు కింద ఒక పెద్దమనిషి బీడీ కాల్చుకుంటున్నాడు. ఆయన దగ్గరికెళ్ళి, పరువు కాస్త పక్కన పెట్టి, ఇది ఏ ఊరని అడిగాను.

"ఉప్పల్. మీరేడికెంచి వచ్చిన్రు?"

"ఉప్పల్ నుంచండీ."

"అరే, గిది ఉప్పలే. మీరు వచ్చింది ఏడికెంచి అంటున్న."

"ఉప్పల్ నుంచే."

"మరి ఏడికి వోవాలె?"

"వరంగల్."

ఆయన బీడీ పారేశాడు. నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగి, ఆసుపత్రిలో రోగి తాలూకు మనిషితో మాట్లాడినంత మెత్తగా అసలు సంగతి చెప్పాడు. కాజీపేట దగ్గర లైను రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకి పోతుంది. రెండోది పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షా, అక్కణ్ణుంచి ఢిల్లీ. కాగజ్‌నగర్ ఆ రెండో దాని మీద ఉంది. ఇది కమలాపూర్ మండలంలో ఉప్పల్. సమోసాల కుర్రాడికి కూడా తెలిసే ఉంటుంది ఇదంతా.

ఢిల్లీ లైను అనగానే నాకు చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు గుర్తొచ్చాడు. ఓడిపోయాక ఆయన్ని ఢిల్లీకి పట్టుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. నాకు ఉప్పల్లోనే పోయేట్టుంది. పైగా జేబులో ఉన్నది వరంగల్ టికెట్టు, కాళ్ళ కింద ఉన్నది ఉప్పల్ ప్లాట్‌ఫాం. టీసీ వస్తే మనిషికి కనీసం 250 రూపాయల జరిమానా. ఆ టెన్షన్లో పులిహోర 1.20 దాకా ఆగలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని లాగించేశాం. పోపు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఆ మాట అంటే మా ఆవిడ నవ్వలేదు.

మావాడు చెయ్యి నాక్కుంటూ, "ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కూడా మొదటిసారి ఓరుగల్లు గెలవలేక దేవగిరికి వెనక్కెళ్ళిపోయాడు నాన్నా. 1323లో మళ్ళీ వచ్చి గెలిచాడు," అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

"ఆయన ఊరిదాకా అయినా వచ్చాడురా," అంది మా ఆవిడ.

ఆటోలో కమలాపూర్, అక్కణ్ణుంచి బస్సులో హనుమకొండ. ఆ ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, నడుముకి తప్ప. వేయిస్తంభాల గుడి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. నల్లరాతి స్తంభాన్ని ఎంత నున్నగా చెక్కారంటే, దగ్గరికెళ్తే అందులో మసగ్గా మొహం కనిపించింది. మసగ్గా ఉన్నా అది తప్పు రైలెక్కిన మొహమే అని తెలిసిపోతోంది.

కోటకి సాయంత్రం వెళ్ళాం. మధ్యలో ఉన్న గుడి కూలిపోయి రాళ్ళు పరుచుకుని ఉన్నాయి గానీ, చుట్టూ నాలుగు కీర్తితోరణాలూ నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన తోరణం ఇదే. ఏ వైపు నుంచి వచ్చినా ఒక వాకిలి ఎదురొచ్చేలా కట్టారు మహానుభావులు. నాలాంటి వాళ్ళు అప్పుడూ ఉండేవాళ్ళన్నమాట.

తిరుగు ప్రయాణానికి ముందు మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. రైల్వే శాఖ మా ఆవిడ తీసుకుంది. వరంగల్ స్టేషన్లో బండి రాగానే అది సికింద్రాబాద్ పోతుందా అని టీ అమ్మే అతన్ని, ఒక పోలీసుని, బిడ్డని ఎత్తుకున్న ఒకమ్మాయిని అడిగింది. ఎక్కాక పై బెర్తు మీద నిద్రపోతున్న అతన్ని లేపి మరీ అడిగింది. నాకు సంచులు మోసే శాఖ ఇచ్చారు.

రాత్రి సికింద్రాబాద్‌లో దిగి మెట్రో కౌంటర్ దగ్గర నిలబడ్డాను. "ఉప్పల్‌కి నాలుగు," అన్నాను.

వెనక నుంచి అత్తయ్యగారు పొద్దుట్నుంచీ మొదటిసారి నోరు విప్పారు.

"ఏ ఉప్పలో సరిగ్గా చెప్పు బాబూ."