ఉద్దానంలో దాచుకునే అంకె

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, సంబంధం చూసేవాళ్లు కట్నకానుకలతో పాటు ఇంకో ఆరా కూడా తీస్తారు: ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా? అందుకే పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థమైన క్రియాటినిన్‌ను కొలిచే పరీక్ష అంటే జంకు. దీన్ని తెలియనితనం అనడం తప్పు. తెలిసే, లెక్క చూసుకునే దాస్తున్నారు.

ఆ లెక్కకు అందనిది ఒకటుంది. ఈ జబ్బు చప్పుడు చెయ్యదు. కిడ్నీల పని దాదాపు సగం పడిపోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు మొదలయ్యాక పలాసకో విశాఖకో పరుగెత్తితే మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేయాల్సి వస్తుంది. ఆ గొట్టానికి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. ముందే తెలిస్తే డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా వేయించుకోవచ్చు. కానీ అది పనికి రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. గుట్టు మింగేసేది ఆ వ్యవధినే. ఆ తర్వాత వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్‌కు తిరిగే మనిషి జబ్బు ఊళ్లో ఎవరికి తెలియదు గనక!

ఈలోగా ఒళ్లునొప్పులకు కొట్లో అడిగి డైక్లోఫెనాక్ మింగుతుంటారు. దెబ్బతిన్న కిడ్నీలకు అది అసలు పడదు. పరీక్ష చేయించుకోనివాడికి ఆ మాట చెప్పేదెవరు?

భయానికి పరీక్షల తీరు కూడా కొంత కారణం. ఎండలో జీడితోటల్లో పనిచేసి, నీళ్లు తాగక, నేరుగా శిబిరానికొస్తే అంకె పెరగొచ్చు. ముందురోజు మాంసం బాగా తిన్నా అంతే. మూడు నెలలు గడిచినా తగ్గకపోతేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి. ఒక్క రిపోర్టుతో ఆ ఇంటికి పేరు పడిపోతే అది మళ్లీ పోదు. జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలకపోవడంతో నీళ్లనీ వంశాన్నీ అనుమానించడం సులువైంది. ఇది అంటుకునే జబ్బు మాత్రం కాదు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్ రోగికి నెలకు 10 వేల పింఛను ఉంది. రెండూ అవసరమే. కానీ బయటపడితే లాభం జబ్బు ముదిరినవాడికే. తొలిదశలో ఉన్నవాడికి దక్కేది చెడ్డపేరే. బీపీ, షుగర్‌లతో కలిపి పెద్దలందరికీ ఒకేలా పరీక్ష చేసి, రిపోర్టు ఎవరిది వారి చేతికే ఇస్తే ఎవరినీ వేలెత్తి చూపే వీలుండదు. శిబిరంలో పేరు పిలిచి అందరి ముందు అంకె చదవడం మానడానికి జీవో కూడా అక్కర్లేదు.