డ్రోన్ తిప్పినోడి పేరుంటది, గిటార్ వాయించినోడిది ఉండదు

యూట్యూబ్‌ల మన దిక్కు ఫోక్ సాంగ్ ఏదన్నా తెరిచి కింద డిస్క్రిప్షన్ చదవుండ్రి. లిరిక్స్, సింగర్, మ్యూజిక్, కొరియోగ్రఫీ, కెమెరా, ఎడిటింగ్, మేకప్, పోస్టర్, డ్రోన్. షూటింగ్‌కు పొలం ఇచ్చినాయనకు స్పెషల్ థాంక్స్ గూడ ఉంటది. మరి గిటార్ ఎవరు? ఫ్లూట్ ఎవరు? డప్పు ఎవరు? చానా వీడియోలల్ల దొరకదు.

క్యాసెట్ల కాలం ఆఖర్ల మొదలువెట్టి హన్మకొండ, కాజీపేట స్టూడియోలల్ల సెషన్ గిటార్, అంటే రికార్డింగ్‌కు ఇంత అని కూలికి గిటార్, వాయించుకుంటనే ఇల్లు నడిపిన. చేతికి గిటార్ అలవాటైంది ఫాతిమానగర్‌ల చర్చి పాటలతోని. పని మాత్రం అన్ని దేవుళ్ల కాడికి తీస్కపోయింది. రెండేండ్లకోపారి మేడారం జాతర ముంగట సమ్మక్క సారలమ్మ పాటలు, శ్రావణ భాద్రపదాలల్ల బతుకమ్మ పాటలు, చలికాలం క్రిస్మస్ పాటలు. ఎలక్షన్లొస్తే పొద్దుగాల ఒక పార్టీకి, మాపటికి ఇంకో పార్టీకి. గిటార్ కార్డులు (రెండు మూడు స్వరాలు ఒక్కపారే కలిపి మీటుడు) మాత్రం అవే! హైదరాబాద్ నుంచి పిలుపొస్తే పుష్‌పుల్ రైలు ఎక్కి సికింద్రాబాద్‌ల దిగుడు.

"గిటార్ల ఏముందన్నా, నాలుగు కార్డులే గదా" అనేటోళ్ల కోసం ఒక రికార్డింగ్ ముచ్చట చెప్త. బతుకమ్మ పాట. ములుగు దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది. మైక్‌ల సప్పుడు పడ్తదని ఫ్యాన్ బంద్. అవ్వ ఎత్తుకున్న శ్రుతి ట్యూనర్‌ల చూస్తే సి షార్ప్, డి అనే రెండు పక్కపక్క స్వరాల నడుమ ఉన్నది. కీబోర్డ్ పిల్లగాడు "అవ్వా, జర పైకి పాడవా" అన్నడు. ఆమె ఎందుకు పాడ్తది? చిన్నప్పటి సంది ఆమె గొంతు కూసున్న జాగ అది. నేనే ఆరు తీగలు వదులు చేసి ఆమె కాడికి దిగిన.

అసలు తిప్పలు ఆ తర్వాత. “ఉయ్యాలో” అనుకుంట పాడే బతుకమ్మ పాట రెండు మూడు స్వరాల నడుమనే తిరుగుతది. దాని కింద మేజర్ కార్డ్ పెడితే సినిమా పాట లెక్కయితది, మైనర్ పెడితే ఏడుపు పాటయితది. మేజరా మైనరా అని తేల్చేది గాంధారం (గ) స్వరమే, అందుకే దాన్ని తీసేసి ఉత్త స, ప మీదనే వాయించిన, చప్పట్లు పడే కాడ ఆపుకుంట. వాన పట్టి డప్పు తోలు వదులైతాంటే డప్పు అన్న టేక్ టేక్‌కూ బయటికి పోయి కాగితాలు మంటవెట్టి కాపుకొని వస్తాండు. ఆ పాట విన్నోళ్లకు గిటార్ ఉన్నట్టే తెల్వదు. అట్ల తెల్వకుంట వాయించుడే మా పనితనం. గని కంప్యూటర్‌ల తయారుగున్న లూప్, అంటే మళ్ల మళ్ల తిరిగే రికార్డు ముక్క, ఇదంత చెయ్యదు. అది ఏ పాటకైనా ఒక్కతీరే కొట్టుకుంట పోతది.

"పైసలిచ్చినం గదా, ఇంక పేరెందుకు?" అంటరు. డ్రోన్ ఆయనకు గూడ పైసలిచ్చిండ్రు గదా మరి! మా లైన్‌ల రేపటి పని పేరు మీదనే వస్తది. ఇంకో సంగతి చానామందికి తెల్వదు. 1957 కాపీరైట్ చట్టం వాద్యం వాయించేటోళ్లను గూడ ప్రదర్శకుల కిందనే లెక్కవెడ్తది. 2012 సవరణల ప్రదర్శకులకు రాయల్టీ మాట వచ్చింది. కని అదే సవరణల ఒక మెలిక పెట్టిండ్రు. సినిమాల ఎవరి పని చిన్నదో, ఆనవాయితీగ టైటిల్స్‌ల గూడ ఎవరి పేరు వెయ్యరో, వాళ్లు ఒక్క చిన్న హక్కుకు తప్ప ప్రదర్శకుల లెక్కలకు రారు. అంటే పేరు ఎగ్గొట్టుడు ఆనవాయితీ అయితే, ఆ ఆనవాయితీనే మన హక్కుకు గండి కొడ్తదన్నట్టు. నేను లాయర్ను గాను, కని ఇది చదివిన నాడు నాకు నిద్ర పట్టలే.

ఛానెల్ నడిపే తమ్ముళ్లకు ఒక్కటే చెప్తున్న. వీడియోల పడ్డ టైటిల్స్ మార్చుడు కష్టమే, ఒప్పుకుంట. డిస్క్రిప్షన్ అట్ల కాదు, పాత పాటదైనా ఇయ్యాల మార్చొచ్చు. వ్యూస్ పోవు, పాట మళ్ల ఎక్కియ్యాల్సిన పని లేదు. ఎవరు వాయించిన్రో యాదికి లేదంటరా? నాకు ఫోన్ చెయ్యుండ్రి, నాకు అందరూ యాదికున్నరు. ముందుగాల డప్పు వాళ్ల పేర్లు రాసుకోండ్రి, నాది ఆఖర్ల రాసినా సరే.