ఇరుగు ప్లస్ పొరుగు బై రెండు

మా ఆవిడకు చిన్నాన్న, నాకు మావయ్యగారు. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఐదు నెలలుండి పోయిన నెలే తిరిగొచ్చారు. అందరిలాగే బాదం పప్పు, చాక్లెట్లు, మోకాళ్ల నొప్పులకు రాసుకునే మందు తెచ్చారు. వాటితోపాటు ఒక సిద్ధాంతం కూడా పట్టుకొచ్చారు. దానికి బరువు లేదు కాబట్టి ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు.

సిద్ధాంతం చిన్నదే. తెలివి రక్తంలో ఉంటుంది. ఏ జాతి రక్తంలో ఎంతుందో శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచేశారు. అమెరికాలో నల్లవాళ్లు వెనకబడి ఉండడానికి కారణం అదే, ఇందులో ఎవరి తప్పూ లేదు పాపం. ఆ 'పాపం' దగ్గర ఆయన గొంతు మెత్తబడింది. అల్లం చట్నీలో ముంచిన పెసరట్టు ముక్కను నోట్లో పెట్టుకోకుండా కాసేపు అలాగే పట్టుకున్నారు.

"మీరక్కడ వాళ్లతో ఎప్పుడైనా మాట్లాడారా మావయ్యగారూ?" అని అడిగాను. ఒకసారి మాట్లాడారట. పార్సిల్ తెచ్చిన కుర్రాడు "హౌ ఆర్ యూ" అంటే ఈయన "ఫైన్" అన్నారట. క్షేత్ర పరిశోధన అంతటితో ముగిసింది.

తర్వాత ఫోన్ తీసి ఒక ప్రపంచ పటం చూపించారు. దేశానికో రంగు, రంగుకో ఐక్యూ అంకె. ఐక్యూ అంటే తెలివికి వేసే మార్కు, సగటు మనిషికి వంద. ఇలాంటి పటాలకు మూలపురుషులు రిచర్డ్ లిన్, టాటు వాన్‌హానెన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు. దేశాల తెలివికీ సంపదకీ ముడిపెడుతూ 2002లో ఒక పుస్తకం వేశారు. అందులో 185 దేశాలకు మార్కులిచ్చారు. పాపం ఎండనక వాననక ఎన్ని ఊళ్లు తిరిగి పరీక్షలు పెట్టారో అని నాక్కూడా మొదట జాలేసింది. తీరా చూస్తే, పరీక్ష లెక్క అంటూ వాళ్ల చేతిలో ఉన్నది 81 దేశాలకే. మిగతా 104 దేశాలకూ ఇరుగుపొరుగు దేశాల అంకెలు చూసి, సగటు కట్టి వేసేశారు.

నేను లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చి మళ్లీ చదివాను. అదే ఉంది.

ఇంత మంచి పద్ధతిని మనం ఇన్నాళ్లూ వాడుకోకపోవడం ఘోరం. మా అపార్ట్‌మెంట్‌నే తీసుకోండి. 302లో పిల్ల ఇంటర్ చదువుతోంది. పొద్దున్నే నాలుగింటికి లేపడం, కాలేజీ బస్సెక్కించడం, రాత్రి తొమ్మిదిదాకా స్టడీ అవర్లు, ఇంటికొచ్చాక వాళ్లమ్మకు టెన్షన్. ఎందుకండీ ఇదంతా? 301 అబ్బాయికి ఎన్నొచ్చాయి, 303 అమ్మాయికి ఎన్నొచ్చాయి, రెండూ కలిపి సగం చేసి పిల్ల చేతిలో పెడితే ర్యాంకు కార్డు వచ్చేసినట్టే. 303 వాళ్లు ఖాళీ చేసి ఆ ఫ్లాట్‌లో ఐఐటీ కుర్రాడు దిగాడనుకోండి, ఈ పిల్ల పుస్తకం ముట్టకుండానే ర్యాంకు పైకి లేస్తుంది. ఇక టులెట్ బోర్డులు "డబుల్ బెడ్రూమ్, ఈస్ట్ ఫేసింగ్, గోడ అవతల డాక్టరు" అని పెడతారు. మూల ఫ్లాట్ల వాళ్లకే కొంచెం ఇబ్బంది. వాళ్లకు ఒకవైపే పొరుగు, రెండోవైపు లిఫ్టు. లిఫ్టు ఐక్యూ తేల్చడానికి అసోసియేషన్ వాళ్లు కమిటీ వెయ్యాల్సి ఉంటుంది. నెలలో సగం రోజులు రెండో ఫ్లోర్లో నిలబడిపోతుంది కాబట్టి తక్కువే వస్తుందని నా అనుమానం. పెళ్లి సంబంధాలు కూడా ఎంత తేలికైపోతాయో చూడండి. "అబ్బాయికి షుగరేమైనా ఉందా అండీ?" "మేం చూపించలేదండీ. ఎదురింటాయనకు 140, పక్కింటాయనకు 200. అంచేత మావాడికి 170." రక్తపరీక్ష చేసే ల్యాబులన్నీ మూసుకోవచ్చు.

మరీ అన్యాయంగా మాట్లాడకూడదు. కొన్ని దేశాలకు నిజంగానే పరీక్ష లెక్కలున్నాయి. ఈక్వటోరియల్ గినీ అని ఆఫ్రికాలో ఒక చిన్న దేశం ఉంది, దానికి 59 వేశారు. ఆ అంకె వెనకున్నది స్పెయిన్‌లో, ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం నడిపే ఒక సంస్థలో ఉన్న పిల్లల లెక్క. దేశం ఒక ఖండంలో, పరీక్ష ఇంకో ఖండంలో. మన దగ్గర సెంటర్ పక్క జిల్లాలో పడితేనే ధర్నా చేస్తాం.

జాతుల తెలివి కొలిచే ఈ శాఖకు ఇది కొత్త కాదు. పుర్రెకో బుద్ధి అని మనవాళ్లు ఊరికే అన్నారు. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మార్టన్ అనే డాక్టరు అదే మాట పట్టుకుని, వందల పుర్రెలు పోగేసి, వాటిలో మొదట గింజలూ తర్వాత సీసపు గుళ్లూ పోసి, ఏ జాతి పుర్రెలో ఎన్ని పడతాయో కొలిచాడు. ఎవరి పుర్రె పెద్దదని తేలిందో మీకు చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో సిరిల్ బర్ట్ అని, సర్ బిరుదు కూడా ఉన్న పెద్దమనిషి, తెలివి పుట్టుకతోనే వస్తుందని చూపడానికి విడివిడిగా పెరిగిన కవల పిల్లల మీద లెక్కలు తీశాడు. మొదట 21 జతలు, చివరికి 53 జతలు. జతలు ఎన్ని పెరిగినా, కవలల తెలివి ఒకరికొకరికి ఎంత దగ్గరో చెప్పే ఆయన లెక్క మాత్రం 0.771 దగ్గర నుంచి కదల్లేదు. మా పాలవాడి లెక్క కూడా నెలకోసారి మారుతుంది. ఆయన పోయాక, ఈ పనిలో సాయపడ్డారని చెప్పిన ఇద్దరు అసిస్టెంటు అమ్మాయిల కోసం విలేకరులు వెతికారు. దొరకలేదు. ఆయన్ని వెనకేసుకొచ్చే వాళ్లు మాత్రం ఇప్పటికీ దొరుకుతారు.

1917లో మొదలుపెట్టి అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా జవాన్లకు ఈ తెలివి పరీక్ష పెట్టింది. చదువు రానివాళ్లకు బొమ్మల పరీక్ష. పత్తి చేలోంచో ఓడలోంచో నేరుగా వచ్చినవాడికి టెన్నిస్ కోర్టు బొమ్మ ఇచ్చి, ఇందులో ఏం తక్కువైందో గీయమన్నారు. మధ్యలో వల గీయాలి. గీయకపోతే బుర్ర తక్కువ. ఇంత చేసినా చివర్లో ఒక చిక్కొచ్చింది. ఇల్లినాయ్, న్యూయార్క్, ఒహాయో నల్లవాళ్లకు మిసిసిపీ, ఆర్కాన్సా తెల్లవాళ్లకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. రైల్లో ఉత్తరానికి వెళ్తే రక్తం మారుతుందన్నమాట. ఆ మార్కులు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే ప్రొఫెసరు 1923లో జాతుల తెలివి మీద పుస్తకం రాశాడు, మరుసటి ఏడే వలసలకు గేట్లు మూసే చట్టం వచ్చింది. 1930లో ఆయనే తన పాత రాతలకు పునాది లేదని ఒప్పుకున్నాడు. చట్టం మాత్రం ఉండిపోయింది. మధ్యలో 1926లో ఆయన తయారుచేసిన కాలేజీ ప్రవేశ పరీక్ష పేరు శాట్. మావయ్యగారి మనవడు పెద్దయ్యాక రాయబోయేది అదే.

"ఇవన్నీ పాత సంగతులు అల్లుడూ. ఇప్పుడు అందరికీ సమాన అవకాశాలు. అయినా వాళ్లకు మార్కులెందుకు రావు?"

ఎందుకు రావా? వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అని ఉంది. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టాలని కోర్టు చెప్పింది. దానికి ఆ కౌంటీ పెద్దలు ఏం చేశారో తెలుసా? 1959లో సర్కారు బళ్లన్నీ మూసేశారు. తెల్లపిల్లల కోసం ప్రైవేటుగా ఒక అకాడమీ పెట్టుకున్నారు. నల్లపిల్లలకు సర్కారు బడి లేదు. ఒక నెలో రెండు నెలలో కాదు, 1964 దాకా. ఐదేళ్లు! రెండో తరగతిలో ఉండాల్సిన పిల్ల ఏడో తరగతి వయసుకొచ్చేదాకా బడికి తాళం. ఆ పిల్ల ఇవాళ బతికుంటే మావయ్యగారి ఈడుదే అయ్యుంటుంది. ఆ తాళం వేసిన చేతులే పరీక్ష పేపరు ఇచ్చి, తక్కువొచ్చాయని గ్రాఫు గీసి, చూశారా రక్తం అంటే, దానికి తల ఊపడానికి మనం ఇక్కణ్నుంచి టికెట్టు కొనుక్కుని వెళ్లాలా? 2022లో అక్కడి ఫెడరల్ రిజర్వ్ లెక్కలో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. తాతలు ఆస్తి రాసిస్తే అది ఆస్తి, తాతల బడికి తాళం వేస్తే అది జన్యువు.

నా గొంతు పెరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. నేను మంచినీళ్లు తాగి, చాలా వినయంగా అడిగాను: "మరి ఆ పుస్తకంలో మన దేశానికి ఎంతేశారో చూశారా మావయ్యగారూ?"

ఎనభై ఒకటి.

మావయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మొహంలో బాధ ఇసుమంతైనా లేదు. "అది సగటు కదా అల్లుడూ. అందరినీ కలిపేశారు."

"అందరూ అంటే?"

"అదే... వాళ్లని కూడా కలిపారుగా."

ఆ 'వాళ్లు' ఎవరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మన ఇళ్లల్లో ఆ మాటకు వివరణ అడగడం ఎవరికీ అలవాటు లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆయన తరఫున వినిపించిన వాదన ఇదే: నేను పైకులంవాణ్ని, ఆర్యుణ్ని, మీరు నల్లవాళ్లను ఎలా చూస్తారో మేమూ మా దగ్గర ఆదిమ జాతులవాళ్లను అలాగే చూస్తాం, కాబట్టి నేనూ మీవాణ్నే. జడ్జీలు శ్రద్ధగా విని, నువ్వు తెల్లవాడివి కావు పొమ్మన్నారు. వందేళ్లయింది. మావయ్యగారు ఇంకా ఆ కోర్టు వరండాలోనే నిలబడి ఉన్నారు, లోపలికి పిలుస్తారేమోనని. బడిలో కూర్చోవడానికి అంబేడ్కర్ ఇంటి నుంచి గోనెపట్టా మోసుకెళ్లేవాడు. మావయ్యగారి లెక్కలో ఆయన, కొలంబియా డాక్టరేటుతో సహా, ఆ 81ని కిందికి లాగిన 'వాళ్ల'లో ఒకడు. సిగ్గుండాలి.

ఇంకో ముక్క. 1946 తర్వాత అమెరికా మన దేశానికిచ్చిన వలస కోటా ఏడాదికి వంద మంది. మావయ్యగారి కొడుకు గృహప్రవేశానికి అంతకంటే ఎక్కువమంది వచ్చారు, ఫొటోలు నేను చూశాను. ఆ వందను ఎత్తేసింది 1965 చట్టం. నల్లవాళ్లు కుక్కలతో కరిపించుకుని, జైళ్లకెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం వేడి లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. ఆ తలుపులోంచే ఎంచి ఎంచి ఇంజినీర్లనూ డాక్టర్లనూ లోపలికి తీసుకున్నారు. వడకట్టిన టీ చూపించి, మా తోటలో ఆకులే ఉండవు అంటారు మనవాళ్లు.

ఈ మాటలకు మావయ్యగారు నొచ్చుకున్నారు. వారం రోజులు ఫోన్ చెయ్యలేదు. నిన్న ఆదివారం ఆయనే చేశారు. గొంతులో జీవం లేదు. డల్లాస్‌లో మనవడికి, ఏడేళ్లవాడు, బళ్లో తెలివైన పిల్లల ప్రత్యేక క్లాసు కోసం ఏదో టెస్టు పెట్టారట. సెలెక్ట్ కాలేదట.

"ఆ టెస్టులన్నీ ఒట్టి నాన్సెన్స్ అల్లుడూ. గంటలో పెట్టే పరీక్షతో పిల్లాడి తెలివి ఎలా తెలుస్తుంది చెప్పు? ఏవేవో బొమ్మలట, వీడెప్పుడూ చూసినవే కావు. పైగా ముందురోజు రాత్రంతా జలుబు."