చేపలకు పుట్టింటి ప్రయాణం అవసరమా?

తొలకరి పడి కృష్ణలోకి ఎర్రనీళ్లు దిగాయంటే చాలు, మన చేపలకు పుట్టిల్లు గుర్తొస్తుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ... కడుపు నిండా గుడ్లేసుకుని ఏటికి ఎదురెక్కడం మొదలెడతాయి. టికెట్టు లేదు, ముహూర్తం లేదు. వరద పొంగి మునిగిన మెరకల్లో, లోతు లేని కొత్తనీటిలో గుడ్లు వదిలితే గానీ వాటికి తృప్తి ఉండదు. బొచ్చె, శీలావతి అయితే చెరువు నీళ్లలో ఏళ్ల తరబడి మేస్తాయి, బలుస్తాయి, గుడ్లు మాత్రం పెట్టవు. ఇంత పట్టింపు ఆడపడుచులకు కూడా ఉండదు.

బాధ్యత గల బెజవాడ పౌరుడిగా ఈ ధోరణిని ఖండిస్తున్నాను.

1855 నాటి ఆనకట్టతోనే వాటికి ఒకసారి చెప్పి చూశాం. వినకపోతే 1957లో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ కట్టి మరీ చెప్పాం. పైన పులిచింతల, ఆ పైన సాగర్, శ్రీశైలం. ఇన్ని తాళాలు వేసిన ఇంటికి ఎవరైనా కాన్పుకు వెళతారా? పోనీ, మనం మరీ కసాయివాళ్లమూ కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తాం. అప్పుడు ఎక్కలేదేం?

కొన్ని దేశాల్లో ఆనకట్టల పక్కన చేపలకు మెట్లు కడతారు. దుర్గమ్మ కొండకు మెట్లున్నా మనుషులే ఘాట్ రోడ్డు బస్సు కోసం నిలబడుతున్నారు, చేపకు మెట్లేమిటండీ!

అసలు పరిష్కారం ఆ 1957లోనే దొరికింది. జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త బృందం, ఒక చేప పీయూష గ్రంథి రసాన్ని ఇంకో చేపకు సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించింది. ఇప్పుడు ఏటా ఆ రోజున మత్స్య రైతుల దినోత్సవం చేసుకుంటున్నాం. గేటూ సూదీ ఒకే ఏడాది రావడాన్ని కొందరు యాదృచ్ఛికం అంటారు, నేను ప్రణాళిక అంటాను. మా బెజవాడ సూర్యారావుపేటలో సంతానం డాక్టర్ల బోర్డులు చదువుతూ నడిచేవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు.

ఇక ప్రయాణమంటారా, దానికీ లోటు చేయలేదు. సూది పుణ్యాన పుట్టి కైకలూరు చెరువుల్లో పెరిగిన బొచ్చె, ఐసు పెట్టెలో పడుకుని లారీలో హౌరా దాకా వెళ్లొస్తోంది. రావడం మాట అబద్ధం, వెళుతోంది.

సముద్రం చేపలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతాం కదా, ఏటి చేప మాటేమిటని మా బావమరిది అడిగాడు. ఆ నిషేధం ముగిశాకే కదా ఏట్లో వీటి కాన్పులు మొదలయ్యేది అంటాడు. చదువుకున్నవాడితో వాదన పెట్టుకోలేక సంచీ పట్టుకుని సీతానగరం వైపు వెళ్లాను.

"ఏటి చేపేనా అమ్మా? చెరువుది నాకు సయించదు. గుడ్లున్నదే కావాలి."

ఆవిడ కత్తిపీట దగ్గర్నించి తలెత్తి నన్నోసారి చూసింది.

"ఏట్లో ఎక్కనిస్తే కదా బాబూ, గుడ్లతో దొరికేది. ఇదిగో, ఇది తీసుకో. ఏటిదే అనుకుని తిను."

రెండు కిలోలు తూయించాను.