రంగు నిలవకపోతే తప్పు ఉల్లిపొట్టుది కాదు

"సహజ రంగులా? రెండు ఉతుకులకే వెలిసిపోతాయండి" అన్న మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. వెలిసిపోవడం నిజమే. ఆ తప్పు మాత్రం ఉల్లిపొట్టుదీ కాదు, దానిమ్మ తొక్కదీ కాదు. గుడ్డని సిద్ధం చేయకుండానే రంగులో ముంచినవాళ్లది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పొట్టుకి కరువు లేదు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి డొక్కలకీ లేదు. జ్యూస్ బండి దగ్గర అడిగితే దానిమ్మ తొక్కలు ఊరికే ఇస్తారు. సరుకు ఊరికే వస్తోంది కాబట్టి పనీ తేలికే అనుకుంటున్నారు, చిక్కంతా అక్కడే.

వీడియోల్లో చూపించే పద్ధతులు చాలావరకు ఉన్నికీ పట్టుకీ చెప్పినవి. అవి జంతువుల నుంచి వచ్చిన పోగులు, రంగుని పోగుకి అంటిపెట్టే పటికని బాగానే పట్టుకుంటాయి. నూలుకి ఆ గుణం బాగా తక్కువ. అందుకే నూలుకి ముందుగా వగరు పట్టించాలి. అరటి కర చొక్కాకి అంటితే ఎన్ని ఉతుకులకీ ఎందుకు పోదు? అందులోని వగరు గాలికి నల్లబడి పోగులోనే ఉండిపోతుంది గనక. పెడన కలంకారీ పనిలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో తడిపేది కూడా ఈ వగరు కోసమే.

ముందు గుడ్డని తూచండి. ఆరిన గుడ్డ బరువు తెలియకుండా గుప్పెడు అది, చెంచాడు ఇది అని వేస్తే ఏ రెండు చీరలూ ఒక్క రంగు రావు. కింద చెప్పే లెక్కలన్నీ కిలో గుడ్డకి.

మగ్గం మీద నుంచి దిగిన గుడ్డలో పడుగుకి పెట్టిన గంజి ఉంటుంది, పత్తిలోని జిడ్డూ ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఉతికి, పాతిక లీటర్ల నీళ్లలో 25 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు మరిగించండి. నీళ్లు టీ డికాక్షన్‌లా దిగుతాయి. తేటగా వచ్చేదాకా మళ్లీ చెయ్యాల్సిందే. ఆరాక ఒక నీటి బొట్టు వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే గుడ్డ సిద్ధం. ముత్యంలా నిలబడిందా, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. రంగు ఆరిపోయాక ఆ మచ్చల్ని ఎవరూ సరిచెయ్యలేరు.

తర్వాత 200 గ్రాముల కరక్కాయ పొడి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో. గుడ్డ రాత్రంతా ఉండాలి. పిండి ఆరబెట్టండి, జాడించొద్దు.

ఇక పటిక 150 గ్రాములు వేడి నీళ్లలో కరిగించి, 20 గ్రాముల బట్టల సోడాని విడిగా కలిపి కొద్దికొద్దిగా పొయ్యండి. పొంగుతుంది, గిన్నె పెద్దదే పెట్టుకోండి. సోడా ఎక్కువైతే పటిక గుడ్డకి పట్టకుండానే తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. గుడ్డ ఒక రాత్రి నానాక పిండి, ఆరబెట్టి, మర్నాడు ఒక్కసారి జాడించండి. ఆ జాడింపు మానేస్తే పైపైన మిగిలిన పటిక రంగుని పట్టుకుని పొడిలా కూర్చుంటుంది, రుద్దితే చేతికి వస్తుంది. "రంగు వదులుతోంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇదేనని నా అభిప్రాయం.

రంగు కుండ పని ఇంతకన్నా తేలిక. ఉల్లిపొట్టు 300 గ్రాములు (తక్కువనుకోకండి, సంచి నిండుతుంది) గంట ఉడికించి వడకట్టండి. గుడ్డ వేశాక కుతకుత ఉడకనివ్వకుండా 80 డిగ్రీల దగ్గర ముప్పావు గంట తిప్పుతూ ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. బంగారు పసుపు వస్తుంది. ఎండకి మాత్రం ఇది కొంత తగ్గుతుంది, ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పి అమ్మండి. దానిమ్మ తొక్క అంతకన్నా గట్టిది, ఎండినవి అరకిలో చాలు. కొబ్బరి డొక్కలైతే రెండు కిలోలు ముక్కలు కొట్టి, రాత్రి నానబెట్టి, రెండు గంటలు ఉడికించి, గుడ్డలో వడకట్టాలి. పీచు మిగిలితే చుక్కలు పడతాయి. బీట్‌రూట్, మందారం జోలికి పోకండి. అవి నూలు మీద నిలిచే రంగులు కావు.

అన్నభేది (ఇనుప ఉప్పు) 10 నుంచి 20 గ్రాములు, అంతకు మించొద్దు. రంగు వేశాక గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ముంచితే దానిమ్మ పసుపు ఆలివ్ పచ్చలోకి, కొబ్బరి గోధుమ రంగు బూడిద రంగులోకి తిరుగుతాయి. ఇంకా నల్లగా కావాలని గుప్పెడు పోస్తే ఇనుము పోగునే తినేస్తుంది, కొన్నాళ్లకి మడత దగ్గర చీర చిరుగుతుంది. ఈ పనికి గిన్నె, గరిట వేరే పెట్టండి. ఇనుము ఉన్న బోరు నీళ్లు వాడినా పసుపు మసకబారుతుంది. వరద రోజుల ఎర్ర నీళ్లయితే తేరనిచ్చి వాడండి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మేలు లేదు.

నాకు అసలు కోపం తెప్పించేది మైలుతుత్తం, అంటే రాగి ఉప్పు. ఆకుపచ్చ బాగా వస్తుందని దాన్ని వాడి, మిగిలిన నీళ్లు పంట కాలువలో పారబోసి, చీర మీద "కెమికల్ లేనిది" అని చీటీ అంటిస్తున్నారు. పటిక కూడా రసాయనమే, అది చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ కాలువ కింద చేపల చెరువులున్నాయి. రాగి చేపకి విషం. కొబ్బరి మొవ్వుకుళ్లుకి మైలుతుత్తం వాడే రైతు కూడా తూచి, సున్నం కలిపే వాడతాడు. మనకి పటిక, అన్నభేది చాలు. పటిక నీళ్లు పారబోయక్కర్లేదు, సగం మోతాదు కలిపి మళ్లీ వాడుకోవచ్చు. అన్నభేది నీళ్లు మూతపెట్టి దాచి, తర్వాతి గుడ్డకి వాడండి.

అమ్మే ముందు ముక్క కత్తిరించి, సగం అట్టతో మూసి పది రోజులు ఎండలో పెట్టండి. ఇంకో ముక్కని తెల్ల గుడ్డతో కలిపి ఐదుసార్లు ఉతకండి. అన్నభేది పడ్డ చీర కొనేవాళ్లకి ఒక మాట తప్పకుండా చెప్పండి: నిమ్మరసం గానీ పులుసు గానీ ఒలికితే వెంటనే కడగాలి, ఆలస్యమైతే అక్కడ రంగు పాలిపోతుంది.