బండి వణికితే ఆక్సిజన్ సెన్సార్ మార్చేయమంటున్నారు, కాస్త ఆగండి

పాత పెట్రోల్ కార్ల గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది, మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణుకుతూ చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఆక్సిజన్ సెన్సార్ పోయినట్టేనట. స్కానర్‌లో (బండి కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల కోడ్లు చదివే పరికరంలో) ఏ కోడ్ వస్తే ఆ సెన్సార్ మార్చేయాలట, లేదంటే బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెడితే సర్దుకుంటుందట. ఏ సిలిండర్ మిస్సింగో, అంటే ఎందులో పెట్రోల్ సరిగా మండట్లేదో తెలియాలంటే ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ప్లగ్ వైర్లు ఒక్కోటీ పీకి చూడాలట. ఒక్కటీ నమ్మదగ్గది కాదు, చివరిదైతే ప్రమాదం కూడా.

ముందు ఆక్సిజన్ సెన్సార్ సంగతి. సైలెన్సర్ లైనులోకి వచ్చే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, చెప్పడమే దాని పని. ఒక సిలిండర్‌లో ప్లగ్గు సరిగా మండించకపోతే ఆ గాలి వాడకుండానే బయటికొస్తుంది, దాంతో పెట్రోల్ తక్కువైందని సెన్సార్ చెబుతుంది. అది ఉన్నదే చెప్పింది, తప్పు ప్లగ్గుదో, దానికి కరెంటిచ్చే కాయిల్‌దో. పైగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశాక అది వేడెక్కేదాకా ఈసీయూ సెన్సార్ మాట లెక్కలోకే తీసుకోదు. పొద్దున్నే తాళం తిప్పిన క్షణం నుంచే వణుకుతుంటే మొదట వెతకాల్సింది అక్కడ కాదు.

కోడ్ చూసి పార్ట్ మార్చడం నాకు అనుభవమే. మాది 2014 మోడల్, పి0171 వచ్చింది, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ అని, అంతకుమించి ఏమీ కాదు. షెడ్డులో ఆక్సిజన్ సెన్సార్ మార్చి వేలల్లో బిల్లు వేశారు, వారం తిరక్కుండా లైట్ మళ్లీ వెలిగింది. ఒక రాత్రి వీధి సద్దుమణిగాక బానెట్ ఎత్తి వింటే సన్నగా సుయ్‌మని శబ్దం. ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కి, అంటే గాలి లోపలికెళ్లే దారికి, చేర్చే పీసీవీ హోస్ వంపు దగ్గర, అడుగువైపు, వేలి గోరంత పగులు! రెండు వేళ్లతో నొక్కిపట్టగానే వణుకు ఆగిపోయింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని లెక్కగట్టే మాఫ్ సెన్సార్ కొలవని గాలి అక్కడి నుంచి దూరుతోంది.

ఇది స్కానర్‌లో కూడా పట్టుకోవచ్చు. మాఫ్ ఉన్న బండిలో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వనప్పుడు, ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర సున్నా వైపు దిగితే గాలి లీకు అనుకోవచ్చు. రేస్ పెంచేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పంపు, ఫిల్టర్, మాఫ్ మురికి చూడాలి. ఇంకోటి, రాత్రంతా ఆగిన బండిలో స్టార్ట్ చేయకముందే కూలెంట్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ దాదాపు ఒకటే చూపించాలి. కూలెంట్ మాత్రమే మైనస్‌లో ఉంటే ఆ సెన్సారో దాని కనెక్టరో పోయినట్టు, ఇంజిన్ బాగా చల్లగా ఉందనుకుని ఈసీయూ అనవసరంగా పెట్రోల్ గుమ్మరిస్తుంది.

బ్యాటరీ వైరు తీస్తే లైట్ పోతుంది, రోగం పోదు. కోడ్ వచ్చినప్పుడు ఆర్‌పీఎమ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. మెకానిక్‌కి అంతకన్నా పనికొచ్చే ఆధారం ఇంకోటి ఉండదు, దయచేసి దాన్ని పోగొట్టుకోకండి.

ఇక వైర్లు పీకడం. అందులో వేల వోల్టుల కరెంటు ఉంటుంది. పైగా వైరు పీకిన సిలిండర్‌లో కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే లోపలి పొర కరిగిపోతుంది. చెక్ ఇంజిన్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే బండి పక్కకు ఆపమనేది కూడా అందుకే. ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న బండి అయితే, ఇంజిన్ ఆపి, ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండోదానికి మార్చి చూడండి. పి0301 (ఒకటో సిలిండర్ మిస్సింగ్) కాస్తా పి0302 (రెండోది) అయితే కాయిలే.

ఆక్సిజన్ సెన్సార్లు అసలు పాడవవని నేననడం లేదు, పాతబడితే మందగిస్తాయి. అందుకే మార్చేముందు కొలవాలి. మామూలు రకమైతే ఇంజిన్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. హోస్ మార్చాక, షెడ్డులో తీసేసిన మా పాత సెన్సార్‌నే మళ్లీ బిగించి చూశాను, సరిగ్గా అలాగే ఊగింది.