ఖాళీ ట్యాంకుకు కాగితం అడగరేం?

లోడుతో వెళ్తున్న పెట్రోల్ ట్యాంకర్‌ను ఆపితే మన అధికారులకు నిబంధనలన్నీ నోటికొస్తాయి. ఫిట్‌నెస్ ఉందా, డ్రైవరుకు ప్రమాదకర సరుకుల శిక్షణ అయిందా, మంటలార్పే సిలిండర్ ఎక్కడ, వెనక పలక మీద పెట్రోలుకు గుర్తయిన 1203 అంకె కనబడుతోందా అని వరసగా అడుగుతారు. అడగాల్సిందే. అదే బండి బంకులో సరుకు దింపేసి, కారుతున్న అతుకు వేయించుకోవడానికి హైవే పక్క వెల్డింగ్ షెడ్డులోకి తిరిగితే మాత్రం అడిగే నాథుడు ఉండడు. ‘‘ఖాళీదే కదన్నా, ఏం కాదులే’’ అన్న ఒక్క మాట చాలు, వెల్డింగ్ మొదలైపోతుంది.

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా 44వ నంబరు రహదారి వెంట, నంద్యాల మీదుగా కడపకు పోయే దారి వెంట ఈ మాట వినని మరమ్మతు షెడ్డు అరుదు. బేతంచెర్ల క్వారీలకు, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల వైపు డీజిల్ మోసే బౌజర్లదీ ఇదే కథ. పల్లెల్లో పాత డీజిల్ డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోసి పశువులకు తొట్టి చేయించుకునే రైతుదీ ఇదే ధీమా. పేలిన రోజు పరుగెత్తుకొస్తాం, నాలుగు రోజులు మాట్లాడుకుంటాం, అయిదో రోజున మళ్లీ అదే షెడ్డు, అదే ‘ఖాళీ’.

ఆ ఖాళీలో ఏముందో లెక్క చూద్దాం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి 1.4 పాళ్ల నుంచి 7.6 పాళ్ల మధ్య ఉంటే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంతకు తక్కువైతే పలచన, అంతకు మించితే చిక్కన. నిండా పెట్రోలున్న మూసిన ట్యాంకులో పైన మిగిలే కొద్ది జాగాలో ఆవిరి సాధారణంగా ఆ పై హద్దు దాటి ఉంటుంది. సరుకు దిగుతున్నకొద్దీ బయటి గాలి లోపలికి వస్తుంది, మిశ్రమం అంటుకునే హద్దుల్లోకి జారుతుంది. అంటే మన అధికారులు భయపడే నిండు ట్యాంకు కన్నా, వాళ్లు వదిలేసే ఖాళీ ట్యాంకు లోపలి జాగాయే నిప్పుకు ఎక్కువ సిద్ధంగా ఉంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే దాదాపు 170, 180 లీటర్ల ఆవిరి అవుతుంది. 12,000 లీటర్ల ట్యాంకులో 1.4 పాళ్లంటే 168 లీటర్లు. ట్యాంకు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ దగ్గరో, పైపులు కలిసే మ్యానిఫోల్డ్ వంపులోనో ఒక్క లీటరు మిగిలితే ట్యాంకంతా బాంబు. 200 లీటర్ల డ్రమ్ముకైతే మూడు టీ చెంచాల పెట్రోలు సరిపోతుంది. మూత బిగించిన ట్యాంకులో అది అంటుకుంటే లోపలి పీడనం ఏడెనిమిది రెట్లకు లేస్తుంది. డ్రమ్ము అడుగు రేకు ఊడి తుపాకీ గుండులా పోయేది అందుకే.

డీజిల్‌కు భయం లేదన్న నమ్మకం మరొకటి. మన ప్రమాణాలు డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పుట్టే కనీస వేడి, 35 డిగ్రీలకు తగ్గకూడదని మాత్రమే అంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో, కడపలో నీడ పట్టునే 40 దాటుతుంది. ఎండలో నిలిపిన ట్యాంకు రేకు మీద చెయ్యి పెట్టి చూడండి, సంగతి తెలుస్తుంది. చల్లని దేశాల్లో రాసుకున్న ‘డీజిల్ సురక్షితం’ అన్న సూత్రం రాయలసీమ వేసవికి నప్పదు. పైగా వెల్డింగ్ వేడికి రేకు వెనక అంటుకున్న మడ్డి కాగి అక్కడికక్కడే ఆవిరి పుడుతుంది. పొద్దున వాసన చూసి ‘ఏమీ లేదు’ అన్నవాడు మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఉండటం ఇలాగే.

నిండు కుండ తొణకదన్న మాట ట్యాంకర్‌కు అక్షరాలా వర్తిస్తుంది. అయినా అంచు దాకా నింపకూడదు. పైన వదిలే జాగాను డిపోల్లో అలేజ్ అంటారు. పెట్రోలు ట్యాంకర్‌ మొత్తం పరిమాణంలో నూటికి 97 వంతులే సరుకు ఉండాలని 2002 పెట్రోలియం రూల్స్ చెబుతున్నాయి. ఒక్కో డిగ్రీ వేడికి పెట్రోలు వెయ్యింట ఒక వంతుకు కాస్త అటూ ఇటూగా ఉబ్బుతుంది. తెల్లవారుజామున నింపిన 12,000 లీటర్లు మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 240 లీటర్లు పెరుగుతాయి. వదిలిన మూడు వంతులు, అంటే సుమారు 370 లీటర్ల జాగా, దానికోసం. ఈ లెక్కను డిపోలో ప్రతి లోడుకూ మట్టం కొలిచే డిప్ రాడ్ వేసి పాటిస్తారు, తప్పితే బండి గేటు దాటదు. జాగా మూడు వంతులున్నప్పుడు ఇంత పట్టింపు. నూటికి నూరు వంతులూ జాగాయే అయినప్పుడు ఒక్క కాగితమూ లేదు!

ఖాళీ ట్యాంకు ఏం చేయగలదో తెలియాలంటే 1996 జులై 17ను గుర్తు చేసుకుంటే చాలు. న్యూయార్క్ నుంచి లేచిన టీడబ్ల్యూఏ 800 విమానం గాల్లోనే పేలి 230 మంది చనిపోయారు. పేలింది రెక్కల్లో ఇంధనం బాగా ఉన్న ట్యాంకులు కావు. దాదాపు 50 గ్యాలన్ల ఇంధనం అడుగున మిగిలిన మధ్య ట్యాంకు. దాని కింద ఉన్న ఏసీ యంత్రాల వేడికి ఆ కాస్త ఇంధనం ఆవిరై గాలితో కలిసింది. రవ్వ ఎక్కడ పుట్టిందో విచారణ సంస్థ కచ్చితంగా తేల్చలేకపోయింది, ఆవిరి ఉన్నదన్నది మాత్రం తేల్చింది. ఆ తర్వాతే, 2008లో, అలాంటి ట్యాంకుల ఖాళీలో నైట్రోజన్ ఎక్కువున్న గాలి నింపడం లాంటి ఏర్పాటు తప్పనిసరయింది. ఒక దేశం ఖాళీ ట్యాంకును చట్టంలోకి తేవడానికి 12 ఏళ్లు తీసుకుంది. మనకు చట్టం ఎప్పుడో ఉంది, అది షెడ్డు గుమ్మం దాటి లోపలికి రాదు.

ఆ చట్టం చెప్పేది తేలికగా అర్థమయ్యేదే. పెట్రోలు, డీజిల్ పట్టిన ఖాళీ ట్యాంకులనూ డ్రమ్ములనూ పూర్తిగా శుభ్రం చేసేదాకా బిగించి ఉంచాలి. ట్యాంకుకు నిప్పు పని చేయాలంటే ముందు లోపల ఆవిరి లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వాలి. దాన్నే గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ అంటారు. పని ఎలా జరగాలో తెలిసినవాళ్లు చెప్పేదీ తికమకగా ఉండదు. బండిని ఆరుబయట నిలపాలి, గుంత ఉన్న షెడ్డులో కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, గుంతలోకి దిగి కూర్చుంటుంది. బ్యాటరీ వైరు తీయాలి, ఎర్త్ కట్టాలి. ఒక్క అతుకు కారుతున్నా సరే, కంపార్ట్‌మెంట్లన్నీ, అంటే ట్యాంకు లోపలి గదులన్నీ, వాటి పైపులతో సహా వంపాలి. మూడో గదికి వెల్డింగ్ వేస్తూ రెండో గదిలో పెట్రోలు వాసన ఉంచుకోవడం మన షెడ్ల పెద్ద తప్పు. తర్వాత స్టీమ్ పట్టించాలి, ఆ స్టీమ్ పైపుకూ ఎర్త్ ఉండాలి, ఎందుకంటే స్టీమ్ ధార కూడా స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. మడ్డి గోకి తీసి, బ్లోయర్‌తో గాలి కొట్టించి, గాలిలో అంటుకునే ఆవిరి ఎంతుందో చూపే ఎల్‌ఈఎల్ మీటరును ప్రతి గదిలో పైన, మధ్యన, అడుగున దించి చూడాలి. రెండు గదుల మధ్య జంట గోడ ఉంటే ఆ సందునూ చూడాలి. నిప్పు పనికి రీడింగు సున్నా ఉండాలి, ఆక్సిజన్ 20.9 దగ్గర ఉండాలి. భోజనానికి వెళ్లొస్తే మళ్లీ చూడాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును ఎక్కడో చాసిస్‌కు కాకుండా అతుకు పక్కనే బిగించాలి.

మీటరు కూడా మోసం చేస్తుంది. ఆవిరి మరీ చిక్కగా ఉన్నచోట మామూలు సెన్సర్ ముల్లు ఒక్కసారి లేచి మళ్లీ సున్నాకు పడిపోతుంది. ఆ సున్నాను చూసి మ్యాన్‌హోల్ తెరిచి వదిలేస్తే, గాలి చేరి అరగంటలో అసలైన ప్రమాదం తయారవుతుంది. టైరు పాలిష్, డ్యాష్‌బోర్డు స్ప్రేల్లోని సిలికోన్ తగిలితే సెన్సర్ చచ్చిపోయి ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు పరీక్ష గ్యాస్ పట్టి చూడాలంటారు. ఇవేవీ లేని మన షెడ్లలో చిట్కాలు బోలెడు. సైలెన్సర్ పొగను ట్యాంకులోకి మళ్లిస్తే ‘గ్యాసు చస్తుంది’ అంటారు. నిలిపి ఉంచి నడిపే డీజిల్ ఇంజిను పొగలో మంటకు సరిపడా ఆక్సిజన్ ఇంకా ఉంటుంది, పైగా కాలే మసి రవ్వలు ఉచితం. మంటలార్పే కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్‌ను లోపల గుమ్మరించే తెలివైనవాళ్లూ ఉన్నారు. ఆ ధారలోని మంచు పొడి స్థిర విద్యుత్తుకు పుట్టినిల్లు. చిన్న డ్రమ్ముకైతే మూత తీసి, కోసే గీతకు కాస్త కింది దాకా నీళ్లు నింపడం కొంత నయం. ఆవిరి చేరే జాగా తగ్గుతుంది కనుక.

ట్యాంకర్ యజమానుల వాదన మాకు తెలుసు. శుభ్రం చేయడానికి ఒక రోజు పోతుంది, కిరాయి పోతుంది, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు దగ్గర్లో లేరు అంటారు. చివరి మాటలో నిజముంది. మిగతావి ఒక వెల్డర్ కుటుంబానికి వివరించి చెప్పగలిగితే చెప్పండి.

‘ఖాళీ’ అనే మాటతో చేసే మోసం షెడ్లతో ఆగదు. పెట్రోలు దింపిన కంపార్ట్‌మెంట్‌లోకే డీజిల్ పట్టడం మరో రకం. అడుగున మిగిలిన పెట్రోలు ఆవిరిని డీజిల్ కొంత పీల్చుకుంటుంది, చిక్కని మిశ్రమం పలచబడి అంటుకునే హద్దుల్లోకి వస్తుంది, పారే డీజిల్ స్థిర విద్యుత్తును మోసుకొస్తుంది. పైపు మూతి మునిగేదాకా సెకనుకు ఒక మీటరు వేగం దాటకూడదని, నింపిన వెంటనే ఇనుప డిప్ రాడ్ దించకూడదని చెప్పేది అందుకే. క్వారీ బౌజర్ల దగ్గర ఈ నియమం పాటించే తీరిక ఎవరికుందో కార్మిక, ఫ్యాక్టరీల శాఖలవారు వెళ్లి చూస్తే బాగుంటుంది. బంకుల్లో భూమిలోని ట్యాంకుకు వెంట్ పైపు కనీసం 4 మీటర్ల ఎత్తున, చివర రెండు పొరల సన్నని జాలీతో ఉండాలి. జాలీ దుమ్ముతో పూడుకుపోతే గాలి ఆడదు. చిరిగిపోతే బయటి నిప్పును ఆపేదేమీ ఉండదు. తలెత్తి చూసినవాళ్లు ఎందరు?

2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గరి చిన్నటేకూరు వద్ద కాలిపోయిన బస్సు కింద ఈడ్చుకుపోయిన బైకు ట్యాంకులో ఉన్నది కొద్ది లీటర్ల పెట్రోలు. ఆ తర్వాత బస్సుల తనిఖీలు జోరుగా సాగాయి. నిండు బస్సులు, నిండు ట్యాంకర్లు, నిండు ఫైళ్లు. కనబడే దాన్ని తనిఖీ చేయడం అలవాటైన యంత్రాంగానికి కనబడని ఆవిరి కనబడదు మరి.

ఒక్కసారి సర్టిఫికెట్ లేకుండా వేసిన వెల్డింగ్ క్షేమంగా ముగిస్తే అదే రెండోదానికి అనుమతి పత్రం అవుతోంది. ‘పోయినసారి ఏం కాలేదు కదా’ అన్నది కర్నూలు నుంచి కడప దాకా చెల్లుబాటయ్యే ఏకైక గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్. దాన్ని జారీ చేసినవాళ్లు షెడ్డు యజమానులు కారు. చూసీ చూడనట్టు వెళ్లిపోయిన ప్రతి తనిఖీ బృందం దాని మీద సంతకం పెట్టినట్టే. కలెక్టర్లు ఈ జిల్లాల్లో ట్యాంకు మరమ్మతు షెడ్ల జాబితా తయారు చేయించాలి. జిల్లాకు కనీసం రెండు చోట్ల స్టీమ్ శుభ్రం, మీటరు పరీక్ష జరిగే స్థలం చూపించాలి. సర్టిఫికెట్ నంబరు లేకుండా మరమ్మతు చేయించిన ట్యాంకర్‌కు ఫిట్‌నెస్ నిలిపేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అసలే అక్కర్లేదు.

తదుపరి పేలుడుకు ‘విచారణకు ఆదేశించాం’ అన్న ప్రకటన మీ కంప్యూటర్లలో తేదీ ఒక్కటి మార్చుకోడానికి సిద్ధంగా ఉండే ఉంటుంది. దాన్ని అక్కడే ఉంచి, ఈ వారం ఒక మధ్యాహ్నం గుత్తి రోడ్డు మీదికి రండి. మ్యాన్‌హోల్ తెరిచి, పైన గ్రైండర్ తిరుగుతున్న బండిని ఆపి, కాగితం అడగండి.